ఇషాక్ కోసం పస్తు

శాంతి టీచరుకి పట్టపగలు తలుపు గడియ పెట్టుకునే అలవాటు ఆ ఏడాదే వచ్చింది. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, స్టవ్ మీద టీ పడేసి, వీధి తలుపు మూసి గడియ బిగించేది. మిరప చేల మధ్య ఉన్న ఆ చిన్న పేటలో పగలు గడియ పెట్టిన ఇల్లంటే అందరికీ వింతే. ఎవరైనా అడిగితే తలనొప్పి అనేది. పాపం, తలనొప్పికి ఏ సంబంధమూ లేదు. లోపల ఆవిడ ఫోను చక్కెర డబ్బాకి ఆనించి పెట్టుకుని చైనా కుర్రాళ్ల డాన్సులు చూస్తుండేది.

అదొక పోటీ కార్యక్రమం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వందమంది కుర్రాళ్లని ఒక పెద్ద హాస్టల్లో పెట్టి, ఒకే రకం బట్టలు తొడిగి, పొద్దస్తమానం పాటా డాన్సూ నేర్పిస్తారు. చూసేవాళ్లు ఓట్లేస్తారు. ఓట్లని బట్టి ర్యాంకులు. కింద మిగిలినవాళ్లు పెట్టె సర్దుకుని, ఏడ్చుకుంటూ ఇంటికి పోవాల్సిందే. ఆఖరికి నిలిచిన కొద్దిమందిని కలిపి ఒక బృందంగా లోకానికి చూపిస్తారు. మాటలన్నీ చైనా భాషలో ఉంటాయి, కింద ఇంగ్లీషు అక్షరాలు పరిగెడుతుంటాయి. శాంతి మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది కాబట్టి సగం చదువుకునేది. మిగతా సగం వాళ్ల మొహాలు చూసి తెలుసుకునేది.

ఈ గొడవ అంటించింది పక్కింటి హీనా. మొహిద్దీన్ బాషా గారి అమ్మాయి, డిగ్రీ రెండో ఏడు. ఒకరోజు సరదాకి రెండు భాగాలు చూపించింది. హీనా ఆ తర్వాత ఇంకో దేశం కుర్రాళ్ల మీదికి పోయింది, శాంతి మాత్రం అక్కడే ఇరుక్కుపోయింది.

నలభై రెండేళ్ల మనిషి. చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఆదివారం పిల్లలకి వాక్యం చెప్పే మనిషి. భర్త జక్రయ్య సంఘ పెద్దల్లో ఒకడు. మిర్చి లారీ మీద నెలకి ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు. కూతురు గుంటూరులో హాస్టల్లో ఉండి ఇంటరు చదువుతోంది. ఇన్ని బరువులున్న మనిషి తలుపేసుకుని, కళ్లకి కాటుకా పెదాలకి రంగూ వేసుకున్న మగపిల్లల్ని చూస్తోందంటే ఊరు ఏమంటుంది? ఊరి సంగతి తర్వాత, తన గురించి తనే ఏమనుకోవాలో తెలిసేది కాదు.

ఆ వందమందిలో ఆవిడకి కావలసింది ఒక్కడే. పేరు లూ షెన్, ఇరవై మూడేళ్లవాడు. గొంతు బంగారం. కాళ్లే మాట వినవు. డాన్సు మాస్టరు అందరి ముందూ కడిగేస్తుంటే తల వంచి వినేవాడు. మాస్టరు అటు తిరగ్గానే వెనక వరసలోకి వెళ్లి, తప్పిన అడుగే మళ్లీ మళ్లీ వేసుకునేవాడు. ఏడ్చేవాడు కాదు. ఏడిస్తే శాంతికి కొంచెం తేలికగా ఉండేదేమో. వాణ్ణి తల్లిలా చూస్తున్నానని తనకి తను చెప్పుకునేది. కానీ వాడు నవ్వుతూ కెమెరా వైపు తిరిగినప్పుడు చేయి దానంతటది జుట్టు సవరించుకునేది. ఆ సంగతి తనకి తెలుసు కాబట్టే గడియ పెట్టుకునేది.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నష్టం శ్రమదినాల్లో మొదలైంది.

ఈస్టరుకి ముందు వచ్చే ఆ నలభై రోజులకీ వాళ్ల సంఘంలో ఒక ఆచారం ఉంది. మొదటి శుక్రవారం స్త్రీల కూడికలో ఎవరి కష్టం వాళ్లు నలుగురిలో చెప్పుకుంటారు. చెప్పుకున్నాక ఇద్దరిద్దరుగా భారాలు మార్చుకుంటారు. నాది నువ్వు మొయ్యి, నీది నేను మోస్తాను. మోయడమంటే ఊరికే కాదు. ఈస్టరు దాకా మధ్యాహ్నం అన్నం మానేసి, ఆ వేళకి అవతలి మనిషి కష్టాన్ని పేరు పెట్టి దేవుడి ముందు పెట్టాలి. తన కష్టం ఊసు తను ఎత్తకూడదు. ఎత్తితే అవతలి మనిషిని నమ్మనట్టే లెక్క.

ఆ శుక్రవారానికి ముందురోజే లూ షెన్ నలభై మూడో ర్యాంకుకి జారిపోయాడు. శాంతి రాత్రంతా సరిగ్గా నిద్రపోలేదు. కూడికలో తన వంతు వచ్చేసరికి కూతురి చదువు గురించి చెబుదామని లేచింది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. దూరదేశంలో మాకు కావలసిన ఒక బాబు ఉన్నాడు, వాడున్న చోట వారం వారం కొందరిని తీసేసి ఇంటికి పంపేస్తున్నారు, వాడు నిలబడాలని ప్రార్థించండి అంది.

చుట్టూ అయ్యో అన్నారు. ఈ రోజుల్లో కంపెనీలన్నీ అంతే, తెల్లారేసరికి మెయిలు పెట్టి పొమ్మంటున్నారు అని పాస్టరమ్మగారు బాధపడ్డారు. కంపెనీ కాదండి అని శాంతి అనాల్సింది. అనలేదు. బాబు పేరేమిటని అడిగారు. పేరు లేకపోతే ప్రార్థన ఎలా చేస్తారు మరి. నోటికొచ్చిన పేరు పట్టుకుని, ఇషాక్ అంది.

"ఇషాక్‌ని నేను మోస్తా" అని వెనక చాప మీద నుంచి ప్రేమమ్మ చెయ్యెత్తింది.

ప్రేమమ్మ ఆ పేటలోనే ఉంటుంది, అరవై దాటిన మనిషి. మిరపకాయల కోత పనికి పోతుంది. కాయ ఘాటుకి వేళ్లు ఎప్పుడూ మండుతూనే ఉంటాయి. ఆవిడ కష్టం ఆ కూడికలో అందరికీ తెలిసిందే. కొడుకు ఇమ్మానుయేలు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. టిక్కీ బస్తాలు మోసి సంపాదించింది మోసినట్టే తాగేస్తాడు. భార్య పుట్టింటికి పోయి చాలాకాలమైంది. ఆచారం ప్రకారం ఇమ్మానుయేలు భారం శాంతి మీద పడింది. ఇద్దరూ లేచి ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ప్రేమమ్మ చేతుల ఘాటు శాంతి అరచేతులకి అంటుకుని ఇంటికొచ్చినా వదల్లేదు.

శాంతి మోసింది రెండు రోజులు. రెండు రోజులూ బడిలో టిఫిన్ బాక్సు తెరవకుండా, స్టాఫ్ రూములో కళ్లు మూసుకుని ఇమ్మానుయేలు పేరు తలుచుకుంది. మూడో రోజు నిజంగానే తలనొప్పి వచ్చింది. పెరుగన్నం తినేసింది. తిన్నాక ప్రార్థిస్తే బాగుండదని ప్రార్థనా మానేసింది. రేపటి నుంచి సరిగ్గా ఉందాం అనుకుంది. అనుకోవడం నాలుగైదు రోజులు సాగింది, తర్వాత అదీ ఆగిపోయింది.

ప్రేమమ్మ మాత్రం మానలేదు. ఆవిడ ఎండలో వంగి కాయలు కోసి, మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పే వేళకి పక్కకి పోయి మోకాళ్ల మీద ఉండేది. పని దిగాక, పొద్దువాలే వేళకి తినేది. పక్క సాలులో పనిచేసే ఆడవాళ్లు ఈ సంగతి శాంతికి మెచ్చుకోలుగా చెప్పారు. మీ ఇషాక్ ఎవరో గానీ అదృష్టవంతుడు, మా పిల్లలకోసం మేమే ఇంత చెయ్యలేం అన్నారు.

శాంతి వెంటనే వెళ్లి ఆవిణ్ణి ఆపి ఉండాల్సింది. ఆపకపోవడానికి కారణం చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది. ప్రేమమ్మ పస్తు మొదలుపెట్టిన తర్వాత చూసిన భాగంలో లూ షెన్ ముప్పై ఒకటికి వచ్చాడు. ఆ తర్వాత ఇరవై నాలుగుకి. ఒక పాటలో డాన్సు మాస్టరే లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. శాంతి గడియ పెట్టిన గదిలో రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఒక లెక్క కూడా వేసింది. ఇంకొన్ని వారాలు ప్రేమమ్మ ఇలాగే ఉంటే, వాడు గట్టెక్కుతాడు.

ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆవిడ రోజూ మధ్యాహ్నం స్కూటీ మీద ఆ చేల పక్క నుంచే ఇంటికి వచ్చేది. ఒకరోజు చూడనే చూసింది. వేపచెట్టు కింద ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని తింటున్నారు. ప్రేమమ్మ అంత దూరాన, కోసిన కాయల కుప్ప అవతల, వాళ్లకి వీపు పెట్టి మోకాళ్ల మీద ఉంది. తలమీద కొంగు జారిపోయినా సర్దుకోలేదు. శాంతి బండి ఆపింది. దిగి రెండడుగులు వేసింది కూడా. ఆ సాయంత్రం కొత్త ర్యాంకులు చెప్పే భాగం చూడాల్సి ఉందని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి బండెక్కింది. తన జీవితంలో ఇంతకంటే నీచమైన పని చేశానా అని తర్వాత ఎంత వెతుక్కున్నా ఆవిడకి ఇంకొకటి దొరకలేదు.

ఆఖరి పోటీ దగ్గరపడేసరికి శాంతికి ఓపిక చాలలేదు. వాడికి తను కూడా ఓటు వేయాలనుకుంది. ఎలా వెయ్యాలో తెలియక, సిగ్గు దిగమింగి హీనాని పిలిచింది. రంజాను ఉపవాసంలో ఉన్న ఆ పిల్ల నీరసంగా వచ్చి మంచం మీద కూలబడింది. సంగతి వినగానే నీరసం ఎగిరిపోయి పకపకా నవ్వింది.

"ఆంటీ, అది ఎప్పుడో అయిపోయిన షో. నాలుగైదేళ్లయింది. మీకు తెలుసనుకున్నా."

ఆ దేశంలో అలాంటి పోటీలు ఇప్పుడు లేనే లేవనీ, ప్రభుత్వమే ఆపేసిందనీ, ఇవి ఎవరో వారం వారం మళ్లీ పెడుతున్న పాత వీడియోలనీ హీనా చెప్పుకుపోయింది. ఫోనులో ఏదో వెతికి, లూ షెన్ ఆఖరి పోటీ దాకా రాలేదని కూడా చెప్పేసింది. ముందు విడతలోనే తీసేశారట. ఇప్పుడెక్కడున్నాడో ఎవరూ రాయలేదట. హీనా ఆ మాట సినిమా కథ చెప్పేసినంత తేలిగ్గా చెప్పి, సారీ ఆంటీ అని, తెల్లవారుజామున సహరీ తిండికి లేచి పోగొట్టుకున్న నిద్ర తీర్చుకోవడానికి వెళ్లిపోయింది.

శాంతి మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. మొదట వచ్చింది వాడి మీద బెంగ. అదీ సిగ్గుచేటే. ఆ తర్వాత గానీ ప్రేమమ్మ గుర్తు రాలేదు. ఇన్ని మధ్యాహ్నాలు, ఇంత ఎండలో, ఎప్పుడో తీసేసిన మనిషిని తీసేయవద్దని ఆ ముసలావిడ దేవుణ్ణి అడుగుతోంది. ఆ ర్యాంకులు పెరగడానికీ ఆవిడ ఆకలికీ ఏ సంబంధమూ లేదు. సంబంధం ఉందనుకుని ఆకలితో ఉండనిచ్చింది తను.

మర్నాడు శుక్రవారం. కూడికకి వెళ్లకుండా ఉందామనుకుంది. పాటలు ఎత్తేది తనే కాబట్టి తప్పలేదు. పాటలయ్యాక ప్రేమమ్మ సాక్ష్యం చెబుతానని లేచింది. ఎప్పుడూ సాక్ష్యానికి ముందుకు రాని మనిషి, కొంగు చేత్తో నలుపుకుంటూ మొదలుపెట్టింది. ఇమ్మానుయేలు మందు ముట్టి మూడు వారాలు దాటిందట. ఎవరూ మానమనలేదట. మొన్న ఆదివారం కూలి డబ్బులు తెచ్చి తల్లి చేతిలో పెట్టి, అత్తగారింటికి పోయి భార్యని పిలుచుకొస్తానన్నాడట. చెబుతూ చెబుతూ శాంతి వైపు తిరిగింది.

"ఇదంతా మా శాంతమ్మ మోసిన భారం. నా బిడ్డ కోసం ఆ తల్లి అన్నం మానుకుంది."

కూడికంతా స్తోత్రం అంది. పాస్టరమ్మగారు శాంతి భుజం తట్టారు. పక్కనున్నావిడ చేయి పట్టుకుని కళ్లకద్దుకుంది. మరి ఇషాక్ సంగతేమిటి, నిలబడ్డాడా అని ఎవరో అడిగారు. ఇంకా తెలియలేదండి అంది శాంతి. తెలిసి ఇరవై నాలుగ్గంటలు కాలేదు, మళ్లీ అబద్ధం. ప్రేమమ్మ అక్కడి నుంచే, నేను ఆపలేదులే తల్లీ, ఈస్టరు దాకా ఉంటా అని ధైర్యం చెప్పింది.

ఆ ధైర్యాన్ని శాంతి ఇక మోయలేకపోయింది. శనివారం బడి వదలగానే ఇంటికి పోకుండా చేలోకి వెళ్లింది. ఆడవాళ్లు వేపచెట్టు కింద అన్నాలు తింటున్నారు. వాళ్లు చూసి రమ్మన్నా ఆగకుండా కాయల కుప్ప అవతలికి నడిచింది. ప్రేమమ్మ అప్పుడే మోకాళ్ల మీదికి దిగబోతోంది. శాంతి ఆవిడ మోచేయి పట్టుకుని ఆపింది.

"అత్తా, ఇషాక్ లేడు. నాకు అలాంటి వాళ్లెవరూ లేరు. ఫోన్‌లో ఒక పోటీ చూస్తున్నాను. అందులో ఒక చైనా పిల్లాడు."

ప్రేమమ్మకి వెంటనే అందలేదు. శాంతి ఫోను తీసి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టి లూ షెన్ బొమ్మ చూపించింది. వెండి రంగు జుట్టు, చెవికి పోగు, పెదాలకి రంగు. ప్రేమమ్మ మండే వేళ్లు తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఫోను అందుకుంది. చాలాసేపు చూసింది. ఇది పాత సంగతనీ, వాణ్ణి ఎప్పుడో పంపేశారనీ శాంతి మిగతాదంతా తడబడుతూ చెప్పింది. ఆవిడ పస్తులతో వాడి ర్యాంకు పెరుగుతోందనుకుని తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పింది. తిట్టు తినడానికి సిద్ధపడి వచ్చింది. తిడితే బాగుండని కూడా ఉంది.

ప్రేమమ్మ తిట్టలేదు. ఫోను తిరిగి ఇచ్చేసి, పక్కకి తిరిగి, కాసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని శాంతికి ఆలస్యంగా తెలిసింది.

"చైనా పిల్లోడా" అంది. "సరేలే. ఎవరి బిడ్డయితేనేం, బిడ్డే గదా. నేను వాడికోసం పస్తుంటే నువ్వు నా కొడుకు కోసం పస్తున్నావు. నాకేం నష్టం లేదమ్మా. నా కొడుకు దక్కాడు."

అక్కడితో వదిలేసి ఉండొచ్చు. అవతలి మనిషి క్షమించేసింది, నవ్వింది, భుజం మీద చెయ్యి కూడా వేసింది. శాంతి తల ఊపి ఇంటికి పోతే ఈ కథ ఎవరికీ తెలిసేది కాదు. వచ్చేవారం కూడికలో మళ్లీ స్తోత్రం అందుకునేది. కానీ భుజం మీద ఆ చెయ్యి పడ్డాక ఆవిడ ఊరుకోలేకపోయింది.

"నేను ఉండలేదత్తా. రెండు రోజులు ఉన్నాను. తర్వాత రోజూ తిన్నాను. ఇమ్మానుయేలు పేరు కూడా ఎత్తలేదు."

భుజం మీద చెయ్యి వెంటనే పోలేదు. కొంచెంసేపు అక్కడే ఉండి, తర్వాత మెల్లగా జారింది. ప్రేమమ్మ మొహంలో కోపం లేదు. దారి తప్పిన మనిషి నాలుగు దిక్కులూ చూసినట్టు ఆ చేనంతా ఒకసారి చూసింది.

"నేనూ ఎత్తలేదమ్మా" అంది. "నువ్వెత్తుతున్నావు గదా అని. కన్నబిడ్డ పేరు నోటిదాకా వచ్చినా మింగేశా, నిన్ను నమ్మనట్టు అవుద్దని. ఇన్నాళ్లూ వాడి పేరు ఎవరూ ఎత్తలేదా?"

వాడు మందు ఎందుకు మానాడో, రేపు మళ్లీ తాగకుండా ఉంటాడో లేదో ఆ ఇద్దరికీ తెలియదు. నిన్నటిదాకా ఆ తల్లికి దాని వెనక ఒక అండ ఉందన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని శాంతి ఇప్పుడు తన చేతులతో తీసేసింది. నిజం చెప్పి తను తేలికపడదామని వచ్చి, ఆ బరువంతా తెచ్చి ఈవిడ నెత్తిన పెట్టింది. అబద్ధమాడినందుకు పడ్డ సిగ్గు కంటే ఇది ఎక్కువగా మండింది.

ప్రేమమ్మ ఆ రోజు మోకాళ్ల మీదికి దిగలేదు. సాయంత్రం తినడానికి గట్టు మీద పెట్టుకున్న క్యారేజీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. చేతులు నీళ్లతో రెండుసార్లు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మూత తీసింది. అన్నం, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ. ముద్ద కలుపుకుని తినడం మొదలుపెట్టింది. ఆకలి మీద ఉన్న మనిషి తినే తిండి కాదది. ఒక్కొక్క ముద్దా బలవంతాన మింగుతోంది.

శాంతి ఎదురుగా నిలబడే ఉంది. ఎండ నడినెత్తిన ఉంది, పొద్దుటి నుంచి తనూ ఏమీ తినలేదు. ఆ పేటలో ఎవరైనా అన్నం తింటుంటే ఎదురుపడ్డ మనిషిని, పలకరింపుల్లేని పగవాళ్లనైనా, రా ఒక ముద్ద తిను అనకుండా ఉండరు. ప్రేమమ్మ తల ఎత్తకుండా గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నది. శాంతిని తినమని అనలేదు.